సార్ అన్న మాట మనసులోంచి పోవడం లేదు, ఏం చేయాలి?

హాస్టల్లో ఉంటూ ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. దసరా సెలవులకు ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. పదో తరగతి వరకు మా ఊరి జిల్లా పరిషత్ పాఠశాలలో, తెలుగు మాధ్యమంలో చదివాను.

సెలవులకు ముందు ఫిజిక్స్ తరగతిలో న్యూటన్ రెండో నియమం గురించి ఒక సందేహం అడిగాను. “ముందు ఇంగ్లీషు చదవడం నేర్చుకో. మీ నాన్న కట్టే ఫీజు దండగ” అన్నారు సార్. అందరూ నవ్వారు. నన్ను అంటే పడేదాన్నేమో, మధ్యలో నాన్నను తేవడమే గుచ్చుకుంది. పాఠం చెప్పడంలో ఆయనకు సాటి లేరు, అందుకే బాధ ఇంకా ఎక్కువ. అప్పటి నుంచి సందేహం వచ్చినా చెయ్యి ఎత్తలేకపోతున్నాను. ఆయన లోపలికి రాగానే కడుపులో తిప్పుతుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం మానసిక వేధింపును నిషేధించింది కానీ, అది 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. నాకు 16. అయినా ఆయనకు శిక్ష పడాలని నాకు లేదు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయ నంబరు టెలీమానస్ 14416కు ఫోను చేద్దామంటే మా ఇల్లు ఒకే గది, అందరూ వింటారు.

ఇక్కడ ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే చెప్పండి. స్టాఫ్ రూముకు వెళ్లి “ఆ మాటకు బాధపడ్డాను సార్” అంటే మీరైతే ఎలా తీసుకుంటారు? కాగితం మీద రాసి ఇవ్వడం మేలా? నాన్నకు చెబితే నేరుగా కాలేజీకి వెళ్లి గొడవ పడతారు. పోనీ, అమ్మకు చెప్పనా? ఇలాంటిది దాటివచ్చిన అక్కలు, అన్నలు మళ్లీ ఆ క్లాసులో నోరు విప్పి సందేహం ఎలా అడగగలిగారు?