సమస్య: ప్రశ్న వేయువాడె పామరుండు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, నాలుగో పాదం పైనున్నదే, దానికి ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. అడిగేవాణ్ణి తెలివితక్కువవాడు అనడమేంటని నా మీద కోప్పడకండి, ఆ పేచీ తీర్చడమే మీ పని.

మూసీగట్టు: నా పూరణ.

చెరువు కడుపులోన చేరి యిల్లును కట్టి
వరద యేల వచ్చె వాకిటికని
తన్ను తాను వదలి దైవమ్మునే పట్టి
ప్రశ్న వేయువాడె పామరుండు

సొంత గోలే అన్నా. 2020 అక్టోబర్‌లో మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. 1908లో మూసీ ఊరిని ముంచేస్తే ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి 150 మంది బతికారని మా తాత చెప్తే నోరెళ్లబెట్టి విన్నవాణ్ణే, ఆ వరద తర్వాతే 1920లో గండిపేట చెరువు కట్టారని స్కూల్ క్విజ్‌లో చెప్పి ప్రైజు కొట్టినవాణ్ణే, ప్లాటు కొనేటప్పుడు మాత్రం వీధి పేరులో 'చెరువుకట్ట' ఎందుకుందని అడగలేదు. పార్కింగ్ ఉందా అని అడిగాను.

నిర్వాహకుడు: 'దైవమ్మునే పట్టి' దగ్గర నవ్వొచ్చింది. 'చేరి' మాత్రం యతి కోసం, అంటే పాదం మొదటి 'చె'కి మధ్యలో జత అక్షరం కావాలని, తెచ్చిపెట్టుకున్న మాట. 'కడుపులోన' బదులు 'శిఖమునందు' అని చూడండి, గణాలు చెడవు, మన ఊళ్లో చెరువు లోపలి భూమిని అనే మాటా అదే.

ఉస్మానియా బిస్కట్: మా ఆఫీసు మీటింగులో రోజూ చూసేది రాశా. ఇందులో పామరుడు తిట్టు కాదు.

తెలిసినట్టు సభను తలల నూపుచునుండ
చదువుకున్నవారు, చాటు నుండి
సిగ్గు విడిచి లేచి చేయెత్తి నిలబడి
ప్రశ్న వేయువాడె పామరుండు

నిర్వాహకుడు: మొదటి పాదంలోనే యతి తప్పింది. 'తె'కి 'త' ఎలా చెల్లుతుంది? హల్లు ఒక్కటే కలిస్తే చాలదు, అచ్చుకీ మైత్రి ఉండాలని ఎన్నిసార్లు చెప్పాలి?

మూసీగట్టు: సార్, తెలిసి, తలల... రెండో అక్షరం రెండుచోట్లా లకారమే, దాని ముందున్నవి రెండూ లఘువులే. ఆటవెలదిలో యతి బదులు ఇలా రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేయొచ్చు కదా?

ఉస్మానియా బిస్కట్: అవునా! నేనైతే ఆ పాదంలో యతి సంగతే మర్చిపోయి రాశా 😀

నిర్వాహకుడు: చెల్లుతుంది, తప్పు నాదే. ఎర్ర సిరా చేతికొస్తే ముందు గీత పడిపోతుంది, పద్యం చదవడం ఆ తర్వాత. సరే, 'చాటు నుండి' మాత్రం ఇంకా ఒప్పుకోను. లేచి చేయెత్తినవాడు చాటున ఎలా ఉంటాడు?

ఉస్మానియా బిస్కట్: వెనక వరస సార్, ముందు స్తంభం అడ్డం.