తుంబురు తీర్థానికి పెద్ద బ్యాగా, భుజాన సంచా?

కొర్లగుంట కుర్రోడు
అందరికీ నమస్కారం. ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి, అంటే ఏటా జనం తీర్థస్నానానికి పోయే రోజున, ఈసారి మా ఇంటి నుంచి ఏడుగురం తిరుమల అడవిలోని తుంబురు తీర్థానికి పోతున్నాం. మా అత్తకూ, ఇద్దరు చెల్లెళ్ళకూ ఇదే మొదటిసారి. ఏం పట్టుకుపోవాలన్న దానిమీద ఇంట్లో వారం రోజులుగా ఒకటే వాదన.

మా మామ ముప్పై ఏళ్ళుగా పోతున్నాడు. ఆయన సామానంతా ఒక తుండు, ఒక స్టీలు బాటిల్, బొరుగులూ బెల్లం కట్టిన మూట. కాళ్ళకు రబ్బరు చెప్పులు. నేను పోయినేడు పెద్ద ట్రెక్కింగ్ బ్యాగు నిండా సర్దుకుని, ట్రెక్కింగ్ షూస్ వేసుకుని పోయాను. పాపవినాశనం డ్యాం దగ్గర నడక మొదలుపెట్టి గంటన్నర కాకముందే ఎడమ షూ అడుగు మడమ దగ్గర ఊడడం మొదలైంది. వాగులో కాలు పెట్టి తీసేసరికి అడుగు నీళ్ళలోనే ఉండిపోయింది. దాన్ని తీసి చూస్తే లోపలి మెత్త ఎండిన రొట్టెలాగా పొడిపొడిగా రాలుతోంది. ఆ షూస్ కొని నాలుగేళ్ళు, తొడిగింది రెండే సార్లు. మామ తన తుండు అంచు చించి నా పాదానికి చుట్టి ముడేశాడు. అట్లనే పోయి అట్లనే వచ్చాను.

అయినా బ్యాగు దండగని ఒప్పుకోలేను. తిరిగి వచ్చేటప్పుడు మా వెనక నడిచే ఒక పెద్దాయన కళ్ళు తిరిగి కూర్చుండిపోతే, నా బ్యాగులోని ఓఆర్ఎస్ పొట్లాలే పనికొచ్చాయి. మామ సంచితో అంతమందిని తీసుకుపోవడం నాకు టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

చంద్రగిరి నడకరి
తమ్ముడూ, నాది మీ మామ మాటే. తుంబురు తీర్థం దోవలో కాళ్ళతో పాటు చేతులకూ పని ఉంటుంది. బండలు పట్టుకుని దిగాలి, ఎక్కాలి. వీపున పెద్ద బ్యాగు ఉంటే దిగేటప్పుడు ముందుకు తోస్తుంది, ఎక్కేటప్పుడు వెనక్కి గుంజుతుంది. చివర రెండు నిలువు కొండల మధ్య సందులో నీళ్ళలో నడవాలి కదా, అక్కడ బ్యాగు తడిసిందంటే మోసేవాడి నడుము పని అయిపోతుంది.

పైగా అది ముక్కోటి. ముందూ వెనకా జనం ఉంటారు. కష్టమైన చోట తాళ్ళు కట్టి ఉంటాయి. దేవస్థానం వాళ్ళు అన్నం, మజ్జిగ, నీళ్ళు ఇస్తారు. నిర్మానుష్యమైన అడవిలోకి పోయినట్టు ఎందుకు సర్దుకోవాలి? ఇంకొక మాట. అలిపిరి చెకింగ్ దగ్గర ప్లాస్టిక్ సీసాలు తీసేస్తారు, ఉడకబెట్టిన కోడిగుడ్లు కూడా కొండపైకి పోవు. పోయొచ్చినవాళ్ళ లిస్టులు చూసి కొన్నదాంట్లో సగం అక్కడే వదిలేసి రావాలి.

వార్డు అక్క
నేను తిరుపతిలో నర్సుగా చేస్తున్నా. చంద్రగిరి అన్నా, మీ మాటలో నాకు భయం కలిగించేది ఒక్కటే, 'అక్కడ ఇస్తారు' అనడం. ఇస్తారు, నిజమే. అది ఇచ్చే చోటికి చేరినవాళ్ళకు. కళ్ళు తిరిగేది మధ్య దోవలో. మార్చి ఎండలో చెమట ధారగా పోతుంటే ఒట్టి నీళ్ళు తాగితే సరిపోదు, ఉప్పు కూడా పోతుంది. పొట్లాలు లేకపోయినా లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో సమంగా కొలిచి కలుపుకోవచ్చు. ఆ రెండూ విడివిడిగా కాగితంలో కట్టుకుంటే ఎంత బరువు చెప్పండి?

రెండోది బట్టలు. మన దగ్గర స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఉంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినప్పుడు తెలియదు. వారం పది రోజులకు జ్వరం, తలనొప్పి. నడుం పట్టీ కిందనో, చంకలోనో, మోకాలి వెనకనో సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్ల పొక్కు కనబడుతుంది, అది కూడా అందరికీ కనబడదు. మందు ఉంది, తొందరగా మొదలుపెడితే తగ్గిపోతుంది. కానీ 'అడవికి పోయి వచ్చాం' అని డాక్టరుకు చెప్పాలి కదా, చాలామంది చెప్పరు. అందుకని నిండు ప్యాంటు, సాక్సులు. తీసిన బట్టలు గడ్డిమీద ఆరేయొద్దు. లుంగీ ఎగగట్టుకుని పోతే నేను ఒప్పుకోను.

పుత్తూరు కోనలు
తమ్ముడి షూ ఎందుకు పోయిందో చెప్తా. అడుగుకూ పైభాగానికీ మధ్య ఉండే మెత్త చాలా షూస్‌లో పాలీయురేథేన్ నురుగు. గాలిలోని తేమకు అది లోపల్లోపల విడిపోతూ వస్తుంది. వాడకుండా అలమారలో దాస్తే బాగుంటుందనుకుంటాం. వాడుతున్న జత కంటే దాచిన జతే ముందు పోవచ్చు. కొండకు పోయే వారం ముందు తొడిగి, బొటనవేలితో ఆ మెత్తను గట్టిగా నొక్కి చూడండి. పొడి రాలినా, బీట కనబడినా పక్కన పెట్టేయండి.

అట్లని రబ్బరు చెప్పులకు నేను ఓటెయ్యను. మన కోనల్లో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, మన నగరి ఊరి పేరుతోనే పిలుస్తారు దాన్ని. నీళ్ళు అరగదీసినచోట నున్నగా గాజులాగా ఉంటుంది. దానిమీద పాచి పట్టిందంటే అరిగిన రబ్బరు నిలవదు. మీ మామకు ఏ రాయి మీద అడుగు పెట్టాలో ముప్పై ఏళ్ళుగా తెలుసు. మీ అత్తకు తెలియదు.

అగ్గిపెట్టె, స్టవ్ మాత్రం ఎవరూ తీసుకుపోవద్దు. 2014 మార్చిలో ఈ శేషాచలం అడవి తగలబడినప్పుడు మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే కడుపు మండుతుంది.

చంద్రగిరి నడకరి
ఉప్పు, చక్కెర మాట ఒప్పుకుంటా అక్కా. నిండు ప్యాంటు కూడా సరే. షూస్ మాట ఒప్పుకోను. వాగు దాటిన ప్రతిసారీ షూలో నీళ్ళు నిలుస్తాయి, సాక్సు తడుస్తుంది, తడిసిన చర్మం ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. చెప్పుల్లో నీళ్ళు నిలవవు. వెనక పట్టీ ఉన్న గట్టి శాండిల్ అయితే అక్క చెప్పినట్టు సాక్సులు కూడా వేసుకోవచ్చు.

మదనపల్లి పిల్ల
ఏడుగురికి ఏడు బ్యాగులెందుకు? మేము హార్స్‌లీ హిల్స్ చుట్టూ నడిచినా, తలకోన పోయినా మందులు, టార్చి, కట్టుగుడ్డ ఒక్క బ్యాగులో పెట్టి వంతులేసుకుని మోస్తాం. ఆడవాళ్ళకు ఒక మాట: చున్నీ ఇంట్లో వదిలేయండి, ముళ్ళకు పట్టుకుంటుంది. జీన్స్ తడిస్తే ఆరదు, కాళ్ళకు రాయి కట్టినట్టుంటుంది. పలుచటి ట్రాక్ ప్యాంటు మేలు. ప్యాడ్లు రెండు పెట్టుకోండి, తేదీ కాదని నమ్ముకోవద్దు.

వార్డు అక్క
చెల్లీ, ఒక్క బ్యాగు పద్ధతిలో చిక్కుంది. ముక్కోటి జనంలో గుంపు చీలిపోతుంది. బ్యాగు మోసే కుర్రాడు అరగంట ముందు పోతాడు, పడిపోయిన మనిషి వెనక ఉంటుంది. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. నీళ్ళు, ఉప్పు, చక్కెర, రోజూ వేసుకునే మాత్రలు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండాలి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళను అసలు బయలుదేరనివ్వొద్దు. బ్యాగులో ఎన్ని మందులున్నా అక్కడికి అంబులెన్స్ రాదు.

పుత్తూరు కోనలు
అక్క మాటే సరైనది. కట్టుగుడ్డ, టార్చి ఉన్న బ్యాగు మాత్రం గుంపులో చివర నడిచేవాడి దగ్గర ఉండాలి. ముందు నడిచేవాడి దగ్గర ఉంటే దానివల్ల ప్రయోజనం లేదు.

కొర్లగుంట కుర్రోడు
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి బ్యాగు మొత్తం మంచం మీద కుమ్మరించి ఒక్కొక్కటీ తూకం వేశాం. పోయినేటి బ్యాగు పదకొండు కిలోలు తేలింది. అందులో ఫ్లాస్కు, రెండు దుప్పట్లు, రెండో జత జీన్స్, కెమెరా స్టాండు తీసేశాం. నీళ్ళకు పలుచటి స్టీలు బాటిళ్ళు, మనిషికి రెండేసి లీటర్లు. తాగి ఖాళీ అయ్యాక ఇచ్చేచోట నింపుకుంటాం. నీళ్ళతో కలిపి ఒక్కొక్కరి సంచి నాలుగు కిలోల లోపు వచ్చింది. కట్టుగుడ్డ బ్యాగు నాది, చివర నడిచేది నేనే. మామ తన మూటలో ఉప్పు, చక్కెర పొట్లాలు పెట్టుకున్నాడు. రబ్బరు చెప్పులు మాత్రం మార్చనన్నాడు.

వచ్చే ఆదివారం అందరం అవే సంచులు, అవే చెప్పులతో తిరుమలకు పోయే మెట్ల దోవ, శ్రీవారి మెట్టు ఎక్కుతున్నాం. 2,388 మెట్లు. అత్త మోకాళ్ళు ఏమంటాయో అక్కడ తెలిసిపోతుంది. ఆమెకు కష్టమైతే తుంబురుకు తీసుకుపోము, ఆ మాట ముందే చెప్పుకున్నాం.

వెనక పట్టీ ఉన్న ఆడవాళ్ళ శాండిల్, అడుగున లోతుగా గాట్లు ఉన్నది, తిరుపతి గాంధీ రోడ్డులో ఎవరైనా చూశారా? రెండు షాపుల్లో అడిగితే పెళ్ళికి వేసుకునేవే చూపించారు.