లోగో, మ్యూజిక్ ప్రతి ప్రాజెక్టులోకీ కాపీ చేయాలా? లింక్ ఇస్తే చాలదా?

కీఫ్రేమ్:
మా టీమ్‌లో లోగోలు, మ్యూజిక్, టైటిల్ టెంప్లేట్లు ఒకే ఫోల్డర్‌లో పెట్టి అన్ని ప్రాజెక్టుల నుంచీ లింక్ చేస్తాం. కొత్తగా చేరినాయన ప్రతి ప్రాజెక్టుకూ విడిగా కాపీ ఉండాల్సిందే అంటున్నారు. డిస్క్ దండగ కదా? మీరేమంటారు?

టైమ్‌లైన్:
ఆయన చెప్పిందే సరైనదండీ. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో ప్రాజెక్ట్ ఫైల్లో వీడియో ఉండదు, అది ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉందన్న చిరునామా మాత్రమే ఉంటుంది. ఎవరో ఫోల్డర్ పేరు మార్చారనుకోండి, వీడియో ఉండాల్సిన చోట ‘మీడియా ఆఫ్‌లైన్’ అని ఎర్ర తెర వస్తుంది. అదైనా నయం, తేడా జరిగిందని తెలుస్తుంది. అసలు భయం వేరే. ఉమ్మడి ఫోల్డర్‌లో పాత లోగో మీద అదే పేరుతో కొత్తది సేవ్ చేశారనుకోండి. పాత వీడియోలో ఒక్క సబ్‌టైటిల్ దిద్ది మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే అది కొత్త లోగోతో బయటికొస్తుంది. క్లయింట్ అడిగేదాకా మనకు తెలియదు.

మాస్క్‌లేయర్:
ఒప్పుకోను. సిరీస్ చేసేవాళ్లకి కావాల్సింది అదే. టైటిల్‌లో అక్షర దోషం ఒక్కచోట దిద్దితే అన్ని ఎపిసోడ్లలోనూ మారాలి. కాపీలుంటే ఏదో ఒకదాంట్లో తప్పు అలాగే ఉండిపోతుంది. పని నడిచినంతకాలం లింకులే ఉంచండి. డెలివరీ అయ్యాక ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో (యానిమేషన్, టైటిళ్లు చేసే సాఫ్ట్‌వేర్) ‘కలెక్ట్ ఫైల్స్’, ప్రీమియర్‌లో ‘ప్రాజెక్ట్ మేనేజర్’ వాడితే ఫైళ్లు ఒకచోటికి చేరతాయి.

వేవ్‌ఫారమ్:
ఆడియో వైపు నుంచి ఒక మాట. ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో ఇదివరకు ప్రాజెక్ట్ ఫైలు వేరు, పక్కనే డేటా ఫోల్డర్ వేరు. ఫోల్డర్ మరిచిపోయి ఫైలొక్కటే పంపితే అవతలివాళ్లకి ఆడియోనే ఉండేది కాదు. 2021లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి అంతా ఒకే ఫైలు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. కాకపోతే ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, చూసుకోండి.

టైమ్‌లైన్:
మాస్క్‌లేయర్ గారూ, డెలివరీ రోజున అంత ఓపిక ఎవరికుంటుంది? అప్పటికే తర్వాతి పని నెత్తి మీద ఉంటుంది. పైగా ‘కలెక్ట్ ఫైల్స్’ ఏ ఫాంట్లు వాడామో రిపోర్టులో రాస్తుందే గానీ ఆ ఫాంట్లు తెచ్చిపెట్టదు. సిరీస్ సంగతి మీరన్నది నిజమే. అయితే ఆ టైటిల్ సిరీస్ ఫోల్డర్‌లో ఉంటే సరిపోతుంది కదా, ఆఫీసు మొత్తానికీ ఉమ్మడిగా ఎందుకు?

మాస్క్‌లేయర్:
టైటిల్ వరకూ సరే. మ్యూజిక్ మాటేమిటి? లైసెన్స్ గడువు తీరిన ట్రాక్ తీసేయాలంటే మీ పద్ధతిలో ప్రతి ప్రాజెక్టూ తెరిచి వెతకాలి. నా దగ్గర ఒక్క ఫోల్డర్ చూస్తే చాలు.