వాగ్దాన కార్డు ఉన్నవాడు "నాకు తెలియదు" అనవచ్చా?

ఆవగింజ:
సహోదరులకు వందనాలు. డిసెంబరు 31 రాత్రి చర్చి కూడికలో, కొత్త ఏడాదికి దేవుని వాగ్దానమని డబ్బాలోంచి తీసే బైబిలు వచనాల కార్డుల్లో నాకు యిర్మీయా 29:11 వచ్చింది, మీకు మేలైన భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పిన మాట. మార్చిలో ఉద్యోగం పోయింది. వయసు 47, ఇద్దరు పిల్లలూ చదువుల్లో ఉన్నారు. సంఘ పెద్దలు ఆ వాగ్దానాన్నే ఎత్తిపట్టి ప్రార్థించమంటున్నారు. రేపు ఏమవుతుందో తెలియకుండా మీరెలా బతికారో చెప్పండి.

బెరయవాసి:
అన్నా, ఆ వచనం యిర్మీయా ప్రవక్త ఉత్తరంలోది, బబులోను చెరలో ఉన్న యూదులకు రాసింది. పై వచనంలోనే 70 ఏళ్ళని ఉంది. అంటే విన్న పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే మట్టిలో కలిశారు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నాడు ప్రవక్త. రెండేళ్ళలో అంతా తిరిగొస్తుందన్నవాడు అబద్ధ ప్రవక్త హనన్యా, 28వ అధ్యాయం. ఆ ఏడే చనిపోయాడు.

యెరికో గోడ:
నలిగినవాడికి మీరిచ్చే ఓదార్పు ఇదా? యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను చీటి వేసి ఎన్నుకోలేదా, అపొస్తలుల కార్యములు 1:26? కార్డు తీస్తే తప్పేమిటి?

బెరయవాసి:
అది పెంతెకొస్తుకు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజుకు ముందు. ఆ తరువాత శిష్యులు చీటి వేసిన దాఖలా లేదు. పైగా ఆ డబ్బాలో విలాపవాక్యాల నుంచి ఏడుపు వచనం ఎవరికైనా వచ్చిందా? అచ్చువేసేవాళ్ళకు ఏది అమ్ముడుపోతుందో బాగా తెలుసు.

కాకినాడ రైలు:
ఆయన అడిగింది చీటీల సంగతి కాదు.

యెరికో గోడ:
నా సాక్ష్యం వినండి. 2009లో పని పోయింది. వాగ్దానం పట్టుకుని ఉపవాసం ఉన్నాను, మూడు వారాల్లో ఉద్యోగం వచ్చింది. సందేహించేవాడు సముద్ర తరంగం లాంటివాడని యాకోబు ఊరికే రాయలేదు.

బెరయవాసి:
మా నాన్న కూడా సందేహించలేదు. స్వస్థత పొందానని నోటితో ఒప్పుకోమని ఒక ప్రసంగీకుడు చెబితే చక్కెర జబ్బు మందులు మానేశాడు. కాలు తీసేశారు. విశ్వాసం చాలలేదని మళ్ళీ ఆ ప్రసంగీకుడే అన్నాడు.

యెరికో గోడ:
దానికీ దీనికీ ముడిపెట్టకండి. మీలాంటివాళ్ళు మగవాళ్ళను పిరికివాళ్ళను చేస్తున్నారు. ఇంటి యజమానే "తెలియదు" అంటే భార్యాబిడ్డలు దేన్ని పట్టుకుని నిలబడాలి?

బెరయవాసి:
ఇప్పుడు బయటపడ్డారు. మీ భయం నా వ్యాఖ్యానం గురించి కాదు, ఆ ఒక్క మాట గురించి. రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనందుకు అగ్నిగుండం ముందు నిలబడ్డ ఆ ముగ్గురు యూదులు "దేవుడు రక్షించకపోయినా సరే" అనలేదా, దానియేలు 3:18? వాళ్ళు పిరికివాళ్ళా?

లూదియ:
మావారు ఎనిమిది నెలలు జీతం లేదన్న మాట చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని వెళ్ళేవారు. అడిగితే దేవుడు చూసుకుంటాడనేవారు. నగల తాకట్టు నోటీసు ఇంటికొచ్చాక తెలిసింది. నగలకు ఏడవలేదు. ఎనిమిది నెలలు ఆ క్యారేజీ కట్టింది నేను.

యెరికో గోడ:
అమ్మా, మూడు వారాలన్నది అబద్ధం కాదు. దానికి ముందు పదకొండు నెలలున్నాయి. వాటిని సాక్ష్యంలో చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు.

ఆవగింజ:
ఉద్యోగం పోయిందని మా ఆవిడకు తెలుసు. దాచిన డబ్బు ఆగస్టు దాకానే వస్తుందని తెలియదు. పాస్‌బుక్కు తీసుకుని వంటింట్లోకి వెళ్తున్నాను.

యెరికో గోడ:
వెళ్ళండి, తమ్ముడూ. బెరయవాసి గారూ, మత్తీయ విషయంలో మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.