వాతావరణ మార్పు: అన్ని రంగాల పెద్దలూ కలిస్తే పని జరుగుతుందా?

గాలిమర:
శాస్త్రవేత్తలు, కంపెనీల అధిపతులు, బ్యాంకర్లు, మంత్రులు చేతులు కలిపితే తప్ప కర్బన ఉద్గారాలు తగ్గవంటారు. నాకైతే నమ్మకం లేదు. 2021లో పెద్ద పెద్ద బ్యాంకులు కలిసి నెట్ జీరో కూటమి పెట్టుకున్నాయి, అంటే తామిచ్చే అప్పుల వల్ల వచ్చే ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని. 2024 చివరి నుంచి అమెరికా పెద్ద బ్యాంకులు వరసగా జారుకున్నాయి. 2025 అక్టోబరులో దుకాణమే కట్టేశారు. బీమా కంపెనీల కూటమికి అంతకుముందే అదే గతి పట్టింది. ఫొటో దిగడానికైతే అందరూ వస్తారు.

లెక్కల మాస్టారు:
అవి ఒకే రంగం వాళ్లు పెట్టుకున్న కూటములు కదండీ, పైగా మాట తప్పితే అడిగేవాడు లేడు. ఓజోన్ సంగతి చూడండి. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే సీఎఫ్‌సీ వాయువులతో ఓజోన్ పొరకు ముప్పుందని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెబితే కంపెనీలు ఏళ్ల తరబడి కొట్టిపారేశాయి. 1987లో ఆ వాయువులను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం దేశాల మధ్య కుదిరాక, ఏ పరికరంలో ఏ వాయువుకు ప్రత్యామ్నాయం ఉందో తేల్చే కమిటీల్లో పరిశ్రమ ఇంజనీర్లనే కూర్చోబెట్టారు. పేద దేశాలకు మారే ఖర్చు కోసం నిధి పెట్టారు. ఒప్పందంలో చేరని దేశాలతో ఆ సరుకు వ్యాపారం బంద్.

తుంటరి:
పోలిక చెల్లదు మాస్టారూ. సీఎఫ్‌సీలు తయారుచేసింది గుప్పెడు కంపెనీలు. బొగ్గు, చమురు తగలని పని ఒక్కటి చూపించండి!

కాంక్రీటు:
అందుకే ఒక్కో సరుకునూ విడిగా పట్టుకోవాలి. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్‌లో 7–8 శాతం సిమెంటుదే. సున్నపురాయిని కాల్చి క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గట్టి ఉండలు) చేసేటప్పుడు ఆ వాయువు రాయిలోంచే వస్తుంది. బట్టీని సోలార్ కరెంటుతో నడిపినా ఆగదు. క్లింకర్ తగ్గించి, కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపితే ఉద్గారాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. ల్యాబ్‌లో తేలిపోయిన విషయమే. ఇక ప్రమాణాల కమిటీ ఒప్పుకోవాలి, స్ట్రక్చరల్ ఇంజనీరు ధైర్యంగా డిజైన్‌లో రాయాలి, బ్యాంకు ప్లాంటు మార్పులకు అప్పివ్వాలి. టెండరులో పాత రకం పేరే ఉంటే కొత్తది ఎవరు చేస్తారు? ఎక్కడ ఒక్కరు మొండికేసినా సరుకు గోడౌన్ దాటదు.

గాలిమర:
బాగానే ఉంది. వీళ్లందర్నీ పిలిచేదెవరు? కంపెనీ పిలిస్తే గడువు పెంచమంటుంది. మంత్రి పిలిస్తే ఎన్నికలయ్యాక చూద్దామంటాడు.

కాంక్రీటు:
బిల్లు కట్టేవాడు పిలవాలి. రోడ్లకూ వంతెనలకూ ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు. ఫలానా ఏడాది నుంచి ఘనమీటరు కాంక్రీటుకు ఇంతకు మించి ఉద్గారాలుంటే టెండరుకు అర్హత లేదని ముందే ప్రకటిస్తే, పిలవకపోయినా వస్తారు.

తుంటరి:
ఆ అంకె ఎవరు రాస్తారన్నదే అసలు గొడవ. కంపెనీ ఇంజనీర్లకు వదిలేస్తే ఇప్పుడున్న సిమెంటే పాసయ్యేలా రాస్తారు.