స్పీడ్ చలాన్ వచ్చింది. ఆ సమయంలో బండి నడిపింది నేనా, తమ్ముడా తెలియడం లేదు. ఏమని రాసివ్వాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి):

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మా కారు నా పేరు మీద ఉంది. పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం ఉప్పల్ నుంచి హన్మకొండకు కుటుంబంతో తిరిగి వస్తుండగా, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర స్పీడ్ గన్‌కు చిక్కినట్లు తర్వాత నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. పరిమితి 80, మా బండి వేగం 98 అని చలాన్‌లో ఉంది. జరిమానా వెయ్యి రూపాయలు, దానిపైన యూజర్ ఛార్జీలు 35. ఫొటో వెనుక నుంచి తీసినది కాబట్టి నంబరు ప్లేటు, అద్దం మీద మా అమ్మాయి అంటించిన సమ్మక్క సారలమ్మ స్టిక్కరు స్పష్టంగా కనిపిస్తున్నాయి గానీ, స్టీరింగు దగ్గర ఎవరున్నారో కనిపించడం లేదు.

ఆలేరు దాకా నేను నడిపాను. అక్కడి నుంచి తమ్ముడు తీసుకున్నాడు. మళ్ళీ దారిలో చాయ్ తాగడానికి ఆగినప్పుడు నేను తీసుకున్నాను. ఆ చాయ్ హోటలు ఘన్‌పూర్‌కు ముందు వచ్చే రఘునాథపల్లి దగ్గరని నేను, ఘన్‌పూర్ దాటాక అని తమ్ముడు, అసలు మడికొండ దగ్గరని మా అమ్మ అంటున్నారు. వివరం కోసం ట్రాఫిక్ పోలీసులను అడిగితే, ఎవరు నడిపారో లైసెన్సు నంబరుతో సహా రాసివ్వమన్నారు. తమ్ముడికి కిరాయి కారు నడపడమే బతుకుదెరువు, వాడి లైసెన్సుకు ఇబ్బంది రాకూడదని నా పేరే రాసిచ్చేద్దామా అనుకుంటున్నాను. ఇది సరైనదేనా?

జవాబు 1 (కాజీపేట):

ఇంత ఆలోచన అవసరం లేదండీ. మీ బండే, మీ నంబరే, వేగం కూడా పరిమితికి పైనే ఉంది. వెయ్యి ముప్పై ఐదు కట్టేస్తే చలాన్ మూతపడుతుంది, డబ్బు కట్టేటప్పుడు నడిపింది ఎవరని ఎవరూ అడగరు. రాయితీ ప్రకటిస్తారేమో చూద్దామని మాత్రం ఆగవద్దు; 2023 డిసెంబరులో ఇచ్చారు కదా అని అప్పటి నుంచి ఎదురుచూస్తున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

జవాబు 2 (న్యాయవాది, హన్మకొండ):

పై మిత్రుడు చెప్పినది సులువైన దారే. అయితే ప్రశ్న అడిగినవారికి లిఖితపూర్వకంగా చెప్పమన్న మాట కూడా ఉంది కనుక, దాన్ని వేరుగా చూడాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 133వ సెక్షను ప్రకారం, డ్రైవరు మీద ఆరోపణ ఉన్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన పోలీసు అధికారి అడిగితే, వాహన యజమాని ఆ డ్రైవరు పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు చెప్పవలసిందే. అయితే ఎంతవరకు చెప్పాలో కూడా ఆ సెక్షనే చెబుతోంది: తన దగ్గర ఉన్నది, తగిన శ్రద్ధతో విచారిస్తే తెలుసుకోగలిగినది. అంతకు మించి ఊహించి చెప్పమని చట్టం అడగడం లేదు. 'గుర్తు లేదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడానికీ వీలు లేదు, ఎందుకంటే విచారించారా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కావాలని సమాచారం దాచినా, అబద్ధమని తెలిసి చెప్పినా 179వ సెక్షను వర్తిస్తుంది. అందులో నెల వరకు జైలు శిక్షకు కూడా అవకాశం ఉంది. కాబట్టి తమ్ముడి మీద ప్రేమతో మీ పేరు రాసిచ్చినా, మీరు నడపలేదని మీ మనసుకు తెలిస్తే అది తప్పుడు సమాచారమే అవుతుంది. వెయ్యి రూపాయల విషయాన్ని అక్కడిదాకా తీసుకుపోకండి.

యజమాని అయినంత మాత్రాన అతివేగం నేరం మీ మీద పడదు. 183వ సెక్షను నడిపిన వ్యక్తినీ, తన దగ్గర పనిచేసేవారి చేత గానీ తన అదుపులో ఉన్నవారి చేత గానీ అలా నడిపించిన వ్యక్తినీ శిక్షిస్తుంది. కేవలం ఒక సాక్షి కంటి అంచనా మీద శిక్ష వేయకూడదని, యంత్రంతో కొలిచిన ఆధారం ఉండాలని కూడా అందులోనే ఉంది. మీ చలాన్‌లో గన్ కొలత ఉంది కనుక ఆ వాదనకు బలం తక్కువ. ఫొటోలోని బండి మీది కాకపోతే మాత్రం ఈ-చలాన్ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. మీ స్టిక్కరే మీ మీద సాక్ష్యం చెబుతోంది కాబట్టి మీకు ఆ అవకాశం లేదు.

విచారించాక కూడా తేలకపోతే ఇలా రాయండి: "ఫలానా తేదీన నా పేరు మీద ఉన్న ఈ వాహనాన్ని మేమిద్దరం మార్చుకుంటూ నడిపాము. చలాన్‌లోని సమయానికి ఎవరు నడుపుతున్నారో తెలుసుకోవడానికి ఫలానా ఆధారాలను పరిశీలించాను, అయినా నిర్ధారించుకోలేకపోయాను. ఇద్దరి పేర్లు, చిరునామాలు, లైసెన్సు నంబర్లు ఇవి." పరిశీలించిన ఆధారాల నకళ్ళు జతచేసి, ఇచ్చినట్లు ముద్ర వేయించుకున్న ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.

జవాబు 3 (కరీంనగర్, ట్రావెల్స్ నడుపుతున్నాను):

మా దగ్గర ఒక్కో బండికి ఇద్దరు డ్రైవర్లు ఉంటారు కనుక ఈ తగాదా మాకు నెలకోసారి వస్తూనే ఉంటుంది. లాయరు గారు చెప్పిన విచారణ ఎలా చేయాలో నేను చెబుతాను.

మీరు ఘన్‌పూర్‌కు ముందున్న కోమళ్ళ టోల్ దాటే వచ్చి ఉంటారు. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు తీయండి. టోల్ డబ్బు కట్ అయినట్లు ఫోనుకు మెసేజ్ వచ్చిన సమయాన్ని నమ్మవద్దు, అది ఒక్కోసారి చాలా ఆలస్యంగా వస్తుంది. స్టేట్‌మెంటులో బండి టోల్ దాటిన సమయం వేరుగా ఉంటుంది, అదే కావాలి. చలాన్ ఫొటో మీద స్పీడ్ గన్ సమయం ముద్రించి ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎన్ని నిమిషాలున్నాయో చూడండి. ఆగకుండా వస్తే పట్టేంత సమయమే ఉంటే చాయ్ హోటలు గన్ తర్వాతే వచ్చినట్లు. అరగంటకు పైగా ఉంటే మధ్యలో ఆగినట్లు. పిల్లలు, పెద్దలు ఉన్న బండి చాయ్ కోసం ఆగితే ఐదు నిమిషాల్లో కదలదన్నది అందరికీ తెలిసిందే. చాయ్ డబ్బు ఫోన్‌పేలో ఇచ్చి ఉంటే ఆ సమయం ఒక్కటే చాలు. మీ ఫోన్లో లొకేషన్ హిస్టరీ ఆన్‌లో ఉంటే ఎక్కడ ఎంతసేపు ఆగారో మ్యాప్ చూపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. చాయ్ డబ్బు అమ్మ చేతి నుంచి ఇచ్చింది, కనుక ఫోన్‌పే ఆధారం లేదు. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు మాత్రం దొరికింది. టోల్‌కూ గన్‌కూ మధ్య ఉన్న సమయం నేరుగా వచ్చేయడానికే సరిపోతుంది, మధ్యలో ఆగే వీలు లేదు. టోల్ దగ్గర తమ్ముడే నడుపుతున్నాడు, ఆ సంగతిలో ఇద్దరికీ అనుమానం లేదు. అంటే చాయ్ గురించి తమ్ముడు చెప్పినట్లు ఘన్‌పూర్ దాటాకే ఆగి ఉంటాము. ఆ మాట నిజమైతే ఇబ్బంది పడేది వాడే. వాడికి ఇంతకు ముందు ఒక్క స్పీడ్ చలాన్ కూడా లేదు. ఇప్పుడు వాడి లైసెన్సు సంగతి ఏమవుతుంది?

జవాబు (న్యాయవాది, హన్మకొండ):

ఇప్పుడు మీకు తెలిసింది కనుక, ఎవరో తేలలేదని రాసే అవకాశం ఇక లేదు. తమ్ముడి పేరే రాయండి, స్టేట్‌మెంటు జతచేయండి, కింద ఆయన చేత కూడా సంతకం పెట్టించండి.

183వ సెక్షనులో కారుకు మొదటిసారి జరిమానా వెయ్యి నుంచి రెండు వేల వరకు ఉంది. లైసెన్సు స్వాధీనం చేసుకోవడమనే మాట రెండోసారి నుంచి వస్తుంది. 206వ సెక్షను నాలుగో ఉపసెక్షను కింద లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపే అధికారం పోలీసులకు విడిగా ఉంది కనుక అసలు ప్రమాదమే లేదని చెప్పలేను. ముఖ్యంగా గమనించవలసినది 200వ సెక్షను: జరిమానా కట్టి రాజీ చేసుకున్నా, ఆ నేరం మొదటిసారి కిందే లెక్కకు వస్తుంది. చలాన్ మూతపడినంత మాత్రాన లెక్క చెరిగిపోదు. కిరాయి కారు నడిపేవారు కాబట్టి రెండోది రాకుండా చూసుకోవలసినది ఆయనే. డబ్బు కట్టిన రసీదును ఆ ఉత్తరం ప్రతితో కలిపి తమ్ముడి దగ్గరే ఉంచమనండి, రేపు ఎవరైనా అడిగితే చూపించవలసినది ఆయనే కదా.