అపరిచిత గద్యానికి ఒకే నిర్మాణం ఉంటుందా?

పడవరేవు:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పరీక్షలో ధవళేశ్వరం ఆనకట్ట మీద అపరిచిత గద్యం ఇచ్చి, ఈ రచన ఏ పద్ధతిలో సాగిందని అడిగారు. ఎంపికలు నాలుగు: కాలక్రమం, కారణం–ఫలితం, పోలిక, సమస్య–పరిష్కారం. 1832-33 నాటి నందన కరువు, 1844లో కాటన్ దొర నివేదిక, 1847లో పని ప్రారంభం, 1852లో పూర్తి. ఇన్ని సంవత్సరాలు వరసగా కనిపించేసరికి కాలక్రమం అని రాసింది. సరైన జవాబు సమస్య–పరిష్కారమట. మార్కు సంగతి వదిలేయండి. రెండూ ఉన్నచోట ఒక్కటే ఎంచుకోమనడం న్యాయమా?

చిత్తుప్రతి:
న్యాయమే. సంవత్సరాలన్నీ కొట్టేసి మళ్లీ చదవండి, విషయం చెక్కుచెదరదు. కరువును కొట్టేయండి, ఆనకట్ట ఎందుకు కట్టారో తెలియదు. ఏది తీసేస్తే రచన కూలుతుందో అదే దాని వెన్నెముక. పత్రిక డెస్కులో మా పని అదే. వార్తలో ముఖ్యమైనదంతా ఇంట్రోలో, అంటే మొదటి పేరాలో ఉంటుంది, చోటు చాలకపోతే కింది పేరాలు నిశ్చింతగా కోసేస్తాం. తలకిందుల పిరమిడ్ అనేది అందుకే. సంపాదకీయం చివరి పేరా అలా కోసి చూడండి, వాదన గాలిలో వేలాడుతుంది.

తెలుగు మాస్టారు:
చిత్తుప్రతి గారూ, మీ పరీక్ష బాగుంది. తరగతిలో మేము నేర్పేది మాత్రం అది కాదు. గోడకు ఒక పట్టిక తగిలిస్తాం: 'మొదట, తర్వాత' ఉంటే కాలక్రమం, 'కాబట్టి, అందువల్ల' ఉంటే కారణం–ఫలితం, 'అయితే, కానీ' ఉంటే పోలిక. పిల్లలు రచన చదవడం మానేసి ఈ మాటల కోసం వెతుకుతారు. తెలుగులో సంబంధం చాలాసార్లు క్రియ చివరనే ఉంటుంది. 'వానలు కురవక పంటలు ఎండిపోయాయి.' ఇందులో 'కాబట్టి' ఎక్కడుంది? 'కరువు వచ్చి జనం వలసపోయారు.' ఆ 'వచ్చి' వరసను చెబుతోందా, కారణాన్నా? రెండింటినీ.

క్త్వార్థకం ('వచ్చి'), చేదర్థకం ('వస్తే'), అప్యర్థకం ('వచ్చినా') వ్యాకరణం పీరియడులో బట్టీ పట్టిస్తాం. 'పక్కనే గోదావరి ఉన్నా పొలాలకు నీరు లేదు' అనే వాక్యంలో ఆ అప్యర్థకమే సమస్యను మోస్తోందని పాఠం చెప్పేటప్పుడు చూపించం. నా అసలు ఫిర్యాదు ఇదీ.

పడవరేవు:
అంటే మా అమ్మాయి జవాబు తప్పు కాదనేగా?

తెలుగు మాస్టారు:
పేరాల వరస చూస్తే కాలక్రమమే. రచన మొత్తం దేనికోసం అని చూస్తే కాదు. ఏది అడుగుతున్నారో చెప్పకపోవడం ప్రశ్నపత్రం లోపం.

కొలనుగట్టు:
అసలీ పేర్లన్నీ ఎందుకండీ? మా నాన్నగారు ఇవేవీ తెలియకుండానే పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, వాదించేవారు కూడా. బాగా చదివితే అదే వస్తుంది.

చిత్తుప్రతి:
పేపరు వచ్చే ఇంట్లో వస్తుంది. పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం లేని ఇంటి పిల్లల మాటేమిటి? చెరువు సేద్యం, కాలువ సేద్యం పాఠాన్ని కథలా చదువుకుపోయే పిల్లవాడికి రెండు నిలువు గడులు గీయమని చెప్పండి. సగం చదువు అక్కడే అయిపోతుంది.

కొలనుగట్టు:
గడులు గీయించండి, నాకు అభ్యంతరం లేదు. పేరు చెప్పలేదని మార్కు కోయడమే నచ్చలేదు.

తెలుగు మాస్టారు:
అయితే ప్రశ్న మార్చాలి. ఏ పద్ధతో చెప్పి, అందుకు ఆధారంగా రచనలోంచి రెండు వాక్యాలు చూపమనాలి. దిద్దడానికి రెట్టింపు సమయం పడుతుంది, అందుకే ఎవరూ అడగరు.

పడవరేవు:
మా అమ్మాయి మళ్లీ సంవత్సరాలున్న వాక్యాలే చూపిస్తే?

తెలుగు మాస్టారు:
చూపించనివ్వండి. నివేదిక 1844లో ఇస్తే పని 1847 దాకా ఎందుకు మొదలుకాలేదని అడగండి. ఖర్చు, ఈస్టిండియా కంపెనీ అనుమతి అంటూ చెప్పడం మొదలుపెడితే, కాలక్రమం తానే దాటేసినట్టు.